వెలుగు లోపలికి వచ్చే దారి

కెమెరా కొనబోయేవాళ్ళు షాపులో మొట్టమొదట అడిగేది మెగాపిక్సెళ్ళ గురించే. డబ్బా మీద కూడా ఆ అంకే పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. కానీ మెడలో వేలాడే డీఎస్ఎల్ఆర్‌కీ, చొక్కా జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరాకీ ఉన్న అసలు తేడా ఆ అంకెలో దొరకదు. రెండూ 20 మెగాపిక్సెళ్ళవే కావచ్చు. అయినా ఒకటి లెన్సుతో కలిపి కిలోన్నర తూగుతుంది, రెండోది పావుకిలో. ఎందుకిలా అన్నది తెలియాలంటే లెన్సు ముందు అంచు చుట్టూ సన్నగా చెక్కిన అంకెలు చదవాలి.

జేబులో పట్టే 30 రెట్ల జూమ్ కెమెరా ఒకదాని లెన్సు మీద 4.3-129 మి.మీ., 1:3.3-6.4 అని ఉంటుంది. మొదటి జంట నాభ్యంతరం, అంటే ఫోకల్ లెంగ్త్. జూమ్ ముడుచుకుని ఉన్నప్పుడు 4.3 మిల్లీమీటర్లు, పూర్తిగా బయటికి సాగినప్పుడు 129. రెండో జంట ఎఫ్ సంఖ్య. నాభ్యంతరాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే, వెలుగు లోపలికి వచ్చే ద్వారం వ్యాసం వస్తుంది. 129ని 6.4తో భాగిస్తే 20 మిల్లీమీటర్లు. ఇప్పుడు డీఎస్ఎల్ఆర్‌కు తగిలించే మామూలు 70-300 మి.మీ. జూమ్ చూడండి. చివరి కొసలో దాని ఎఫ్ సంఖ్య 5.6. అంటే ద్వారం దాదాపు 54 మిల్లీమీటర్లు. వ్యాసం రెండున్నర రెట్లకు పైగా ఎక్కువైతే వైశాల్యం ఏడు రెట్లవుతుంది. ఈ ఏడు రెట్లు దేనికి పనికొస్తాయో ఒక పిట్ట మీద చూద్దాం.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద ఏటా గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. మనం గట్టు మీద నిలబడ్డాం, గూడబాతు 60 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ముక్కు కొస నుంచి తోక దాకా దాని పొడవు సుమారు 1.4 మీటర్లు. 300 మి.మీ. లెన్సు ఆ పిట్ట బొమ్మను సెన్సార్ మీద 7 మిల్లీమీటర్ల పొడవున గీస్తుంది. 129 మి.మీ. లెన్సు 3 మిల్లీమీటర్ల పొడవున గీస్తుంది. కానీ కాంపాక్ట్ సెన్సార్ వెడల్పే 6 మిల్లీమీటర్లు కాబట్టి పిట్ట అందులో సగం ఆక్రమిస్తుంది. మామూలు డీఎస్ఎల్ఆర్ సెన్సార్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు కాబట్టి పిట్ట మూడో వంతు కూడా నిండదు. తెర మీద చూస్తే జేబు కెమెరాలోనే పిట్ట పెద్దగా కనిపిస్తుంది. పిక్సెళ్ళు లెక్కపెట్టినా అంతే. 12 మెగాపిక్సెళ్ళ కాంపాక్ట్‌లో పిట్ట పొడవునా 1,950 దాకా పిక్సెళ్ళు పడతాయి, 24 మెగాపిక్సెళ్ళ డీఎస్ఎల్ఆర్‌లో 1,800 లోపే. పక్షుల కోసం జేబు కెమెరా కొన్నవాళ్ళు మోసపోయామని మొదట్లో అనుకోకపోవడానికి కారణం ఇదే. నిజంగానే పిట్ట దగ్గరికొస్తుంది.

తేడా సాయంత్రం ఐదున్నర దాటాక బయటపడుతుంది. పిట్ట మీద నుంచి వచ్చే వెలుగు కాంతికణాలుగా, ఫోటాన్లుగా వస్తుంది. అవి లెక్క ప్రకారం క్రమంగా రావు, ఎప్పుడు పడితే అప్పుడు రాలుతాయి. తొలకరి చినుకు మొదలైన క్షణంలో వాకిట్లో రెండు పళ్ళాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానిలో నాలుగు చినుకులు పడితే రెండోదానిలో తొమ్మిది పడొచ్చు. వాన కాసేపు నిలబడి కురిస్తే రెండింటిలోనూ దాదాపు ఒకే లెక్క తేలుతుంది. ఫోటాన్ల సంగతీ ఇంతే. సగటున 100 ఫోటాన్లు పడాల్సిన చోట పదో పరకో అటూ ఇటూ అవుతుంది, ఎందుకంటే ఆ హెచ్చుతగ్గు సంఖ్య వర్గమూలం అంత ఉంటుంది. అంటే 10 శాతం. 700 పడే చోట హెచ్చుతగ్గు 26, అంటే నాలుగు శాతం లోపు. పిట్ట రెక్క మీద ఒకే బూడిదరంగు ఉండాల్సిన చోట పక్కపక్క పిక్సెళ్ళు పది శాతం తేడాతో మిణుకుమంటే దాన్నే మనం నాయిస్ అంటాం. ఐఎస్ఓ పెంచితే ఇది పోదు. ఐఎస్ఓ చేసేది వచ్చిన సంకేతాన్ని పెద్దది చెయ్యడమే, ఒక్క ఫోటాన్‌ను కూడా అదనంగా తేలేదు. మిట్టమధ్యాహ్నం ప్రతి పిక్సెల్‌కూ వేలకొద్దీ ఫోటాన్లు అందుతాయి కాబట్టి రెండు కెమెరాల బొమ్మలూ శుభ్రంగానే ఉంటాయి. ఏడు రెట్ల ద్వారం విలువ తెలిసేది వెలుగు తగ్గినప్పుడే.

ఇంకో నష్టం ఉంది. అది పట్టపగలు కూడా వదలదు. కాంతి తరంగం కాబట్టి చిన్న ద్వారంలోంచి వచ్చేటప్పుడు అంచుల దగ్గర వంగి పరుచుకుంటుంది. దాంతో దూరాన ఉన్న చుక్క సెన్సార్ మీద చుక్కగా పడదు, ఒక చిన్న బిళ్ళగా పడుతుంది. ఆ బిళ్ళ ఎంత ఉంటుందో ఇంగ్లండు శాస్త్రవేత్త జార్జ్ ఏరీ 1835లోనే లెక్కగట్టాడు. ఎఫ్ 6.4 దగ్గర ఆకుపచ్చ కాంతికి అది 8.6 మైక్రాన్లు. కాంపాక్ట్ పిక్సెల్ ఒకటిన్నర మైక్రాన్ మాత్రమే, అంటే ఒక చుక్క ఐదారు పిక్సెళ్ళ మీదికి పారుతుంది. డీఎస్ఎల్ఆర్‌లో బిళ్ళ 7.5 మైక్రాన్లు, పిక్సెల్ దాదాపు 4. రెండు పిక్సెళ్ళతో సరిపోతుంది. ఈ బిళ్ళలను తిరిగి 60 మీటర్ల దూరాన ఉన్న పిట్ట మీదికి పరిచి చూస్తే, జేబు కెమెరాకు 4 మిల్లీమీటర్లు, పెద్దదానికి ఒకటిన్నర. గూడబాతు పై ముక్కు పొడవునా వరసగా నల్లమచ్చలుంటాయి. పెద్దదానిలో ఆ మచ్చల అంచులు తెగినట్టు కనిపిస్తే, జేబు కెమెరాలో అలుక్కుపోయి ఉంటాయి. ఎన్ని కోట్ల పిక్సెళ్ళు పెట్టినా ఈ అలుకు తగ్గదు. ద్వారం పెరగాలి, అంతే.

దూరం సంగతి ఇలా ఉంటే చీకటి సంగతి పెళ్ళిలో చూడొచ్చు. ముహూర్తం రాత్రి పదకొండింటికి. అడ్డుతెర పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. తెరకు ఇటు వధువు, అటు వరుడు, ఇద్దరి చేతుల్లో తమలపాకు మీద జీలకర్ర బెల్లం. వాళ్ళు చేతులు ఒకరి తల మీద ఒకరు పెట్టే క్షణం ఒక్కసారే వస్తుంది. మూడు మీటర్ల దూరం నుంచి ఆ ఇద్దరినీ ఫ్రేములో పట్టడానికి డీఎస్ఎల్ఆర్ మీద చవకగా దొరికే 50 మి.మీ., ఎఫ్ 1.8 లెన్సు చాలు. దాని ద్వారం 28 మిల్లీమీటర్లు. అదే ఫ్రేమును మన జేబు కెమెరా పట్టేటప్పుడు దాని ద్వారం 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. వైశాల్యంలో తేడా 80 రెట్లు దాటింది. ఫ్లాష్ లేకుండా దీపం వెలుగులో పసుపు, కుంకుమ, పట్టుచీర జరీ ఉన్న రంగుల్లోనే రావాలంటే ఈ 80 రెట్లకు ప్రత్యామ్నాయం లేదు.

అంత పెద్ద ద్వారం తెరిచినప్పుడు ముఖాలు మాత్రమే స్పష్టంగా ఉండి, వెనకున్న కుర్చీలు, పంకాలు మసకబారతాయి. ఆ మసకను జనం ఇష్టపడతారు. కానీ ఆ మసకే శత్రువయ్యే పనులు చాలా ఉన్నాయి, వాటి గురించి చెప్పేవాళ్ళు తక్కువ. పత్తి చేలో కాయ చీల్చి గులాబీ రంగు పురుగును ఫోటో తీసి వ్యవసాయాధికారికి పంపాలనుకోండి. పురుగు తల నుంచి తోక దాకా, అది తొలిచిన గింజ, దూది మీది మరక అన్నీ స్పష్టంగా కనపడాలి. జేబు కెమెరాను జూమ్ లేకుండా, పురుగుకు మూడు నాలుగు సెంటీమీటర్ల దగ్గరకు తీసుకెళితే అన్నీ ఒక్క దెబ్బకు పడతాయి. 4.3ని 3.3తో భాగించండి: ద్వారం 1.3 మిల్లీమీటర్లు. ద్వారం చిన్నదైతే స్పష్టంగా కనిపించే లోతు పెరుగుతుంది. డీఎస్ఎల్ఆర్‌తో అంతే వెడల్పైన దృశ్యాన్ని అంతే లోతుగా పట్టాలంటే దాని ద్వారాన్ని కూడా 1.3 మిల్లీమీటర్లకు, అంటే ఎఫ్ 12 దాకా మూసెయ్యాలి. మూశాక లోపలికి వచ్చే వెలుగు రెండింటికీ ఒకటే, నాయిస్ కూడా ఇంచుమించు ఒకటే. పెద్ద సెన్సార్ ఇచ్చిన లాభం మొత్తం ఆవిరైపోతుంది. పురుగులు, తాళపత్రాలు, శాసనాలు, నాణేలు, మొక్కల తెగుళ్ళు, పాత ఇంటి దస్తావేజులు: ఇలాంటివి తీసేవాళ్ళకు ఖరీదైన కెమెరా అమ్మడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే డీఎస్ఎల్ఆర్ అంటే పెద్ద సెన్సార్ ఒక్కటే కాదు. ఆ పేరులోని ముఖ్యమైన భాగం అద్దం. లెన్సు వెనక 45 డిగ్రీల కోణంలో ఒక అద్దం నిలబడి, వచ్చిన వెలుగును పైకి మళ్ళిస్తుంది. అక్కడ గరుకు గాజు మీద బొమ్మ పడుతుంది, దాని మీదున్న పెంటాప్రిజం ఆ బొమ్మను నిటారుగా చేసి మన కంటికి అందిస్తుంది. అంటే కన్ను చూసేది లెన్సులోంచి వచ్చిన అసలు వెలుగునే. మధ్యలో ఎలక్ట్రానిక్ తెర లేదు, ఆలస్యం లేదు, బ్యాటరీ ఖర్చు లేదు. పెద్ద అద్దం వెనక ఇంకో చిన్న అద్దం ఉంటుంది. అది కొంత వెలుగును కింది గదిలోని ఫోకస్ పరికరానికి పంపుతుంది. లెన్సు రెండు అంచుల నుంచి వచ్చిన కిరణాలు ఎంత దూరంగా పడ్డాయో కొలిచి, లెన్సు ఏ వైపు, ఎంత కదలాలో ఆ పరికరం ఒక్కసారిగా చెప్పేస్తుంది. మీట నొక్కగానే రెండు అద్దాలూ పైకి లేస్తాయి, షట్టర్ తెరలు పరుగెడతాయి, సెన్సార్ వెలుగు చూస్తుంది, అద్దాలు మళ్ళీ కిందికి వాలతాయి. ఫోటో తీసినప్పుడు వినిపించే టపటప చప్పుడు ఇదే.

చాలా కాంపాక్ట్‌లకు ఆ సదుపాయం లేదు. అవి సెన్సార్ మీది బొమ్మనే చూస్తూ, లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి, అంచులు ఎక్కడ బాగా తేలాయో వెతుక్కుంటాయి. ముందుకు వెళ్ళి, దాటిపోయి, తిరిగి వెనక్కి వస్తేగాని సరైన చోటు తెలియదు. వెలుగు తక్కువైన కొద్దీ వెతుకులాట పెరుగుతుంది. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు గీత తాకే లోపు ఫోకస్ అందకపోవడానికి కారణం ఇది. దీనికి ఒక ఉపాయముంది. మీటను సగం నొక్కి, ఆ క్షణం జరగబోయే దూరానికి ముందే ఫోకస్ బిగించి ఉంచి, సమయం రాగానే మిగతా సగం నొక్కాలి. అలా చేస్తే జేబు కెమెరా కూడా చాలా చురుగ్గా పలుకుతుంది. ఈ అలవాటు చేసుకోనివాళ్ళే కెమెరాను ఎక్కువగా తిడతారు.

పెద్దది, చిన్నది అన్న కొలతలు కూడా కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రోజుల్లో గాజు పలక మీద నెగెటివ్ ఎంత ఉంటే అచ్చు కూడా అంతే. కాగితాన్ని పలక మీద పరిచి ఎండలో పెట్టి అచ్చు తీసేవారు. పెద్ద ఫోటో కావాలంటే పెద్ద కెమెరా మొయ్యాల్సిందే. చిన్న నెగెటివ్ తీసి తర్వాత పెద్దది చేసుకోవచ్చన్న పద్ధతి స్థిరపడ్డాక, జర్మనీలో ఆస్కార్ బర్నాక్ తయారుచేసిన లైకా 1925లో మార్కెట్లోకి వచ్చింది. అది వాడిన కొలత 36×24 మిల్లీమీటర్లు. ఇవాళ ఫుల్ ఫ్రేమ్ అని గౌరవంగా పిలుచుకుంటున్న కొలత ఆ రోజుల్లో జేబు కెమెరా కొలత! అద్దం పెట్టిన 35 మి.మీ. కెమెరా కినె ఎగ్జాక్టా 1936లో డ్రెస్డెన్‌లో తయారైంది. నికాన్ ఎఫ్ 1959లో వచ్చి వార్తాఫోటోగ్రాఫర్ల చేతికి అద్దం కెమెరాను అలవాటు చేసింది. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా 100×100 చుక్కల బొమ్మను క్యాసెట్ మీద రాయడానికి 23 సెకన్లు తీసుకునేది. అదే కొడాక్ 1991లో నికాన్ ఎఫ్3 బాడీకి 1.3 మెగాపిక్సెళ్ళ సెన్సార్ అమర్చి అమ్మింది. అదే అమ్మకానికి వచ్చిన మొదటి డీఎస్ఎల్ఆర్. బొమ్మలు దాచుకునే పెట్టెను భుజానికి వేరుగా తగిలించుకోవాల్సి వచ్చేది.

ఫిల్ము పోయినా అద్దం చాలాకాలం నిలిచింది. దాని వల్ల వచ్చిన చిక్కు చోటు. అద్దం లేచి వాలడానికి లెన్సు బిగించే మౌంటుకూ సెన్సార్‌కూ మధ్య నికాన్ డీఎస్ఎల్ఆర్‌లో 46.5 మిల్లీమీటర్ల ఎడం కావాలి. అద్దం తీసేసిన నికాన్ జెడ్ కెమెరాల్లో ఆ ఎడం 16 మిల్లీమీటర్లకు తగ్గింది. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైన ఈ మిర్రర్‌లెస్ కెమెరాలే ఇప్పుడు పెద్ద కంపెనీల కొత్త తయారీలో ఎక్కువ భాగం. మరోవైపు సెల్‌ఫోన్ చిన్న సెన్సార్ కాంపాక్ట్‌లను దాదాపు తుడిచిపెట్టింది. 2010లో ప్రపంచవ్యాప్తంగా జపాను కంపెనీల నుంచి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు బయటికి వెళ్ళాయి. 2023లో ఆ లెక్క 80 లక్షల లోపు. కాబట్టి ఇవాళ కాంపాక్ట్ కొనేవాళ్ళకు మిగిలిన దారులు రెండే. ఫోనులో లేని పొడవైన జూమ్ ఒకటి, మామూలు ఫోను కంటే పెద్ద సెన్సార్ ఇంకొకటి.

ఈ రెండో రకం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే పెద్ద కెమెరా గొప్పదన్న నమ్మకాన్ని అది కదిలిస్తుంది. 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 బరువు 240 గ్రాములు, సెన్సార్ 13.2×8.8 మిల్లీమీటర్లు, లెన్సు 10.4-37.1 మి.మీ., ఎఫ్ 1.8-4.9. వెడల్పు కొసలో భాగిస్తే ద్వారం 5.8 మిల్లీమీటర్లు. డీఎస్ఎల్ఆర్ డబ్బాలో కలిపి ఇచ్చే కిట్ లెన్సు 18-55 మి.మీ., ఎఫ్ 3.5-5.6. వెడల్పు కొసలో 18ని 3.5తో భాగిస్తే 5.1 మిల్లీమీటర్లే. రెండూ పట్టే దృశ్యం దాదాపు ఒకే వెడల్పు. ఇంట్లో దీపావళి దివ్వెల దగ్గర పిల్లలను తీస్తే జేబులోని కెమెరా లోపలికి కొంచెం ఎక్కువ వెలుగే వెళుతుంది! 2013 నాటి రికో జీఆర్ ఇంకో అడుగు ముందుకేసి, డీఎస్ఎల్ఆర్ సెన్సార్‌నే జేబులోకి తెచ్చింది. కాకపోతే జూమ్ వదులుకుంది.

అంటే పెద్ద సెన్సార్ జేబులో పడుతుంది. పట్టనిది గాజు. 54 మిల్లీమీటర్ల వ్యాసమున్న ద్వారం కావాలంటే ముందు కటకం కనీసం అంత వెడల్పు ఉండి తీరాలి. దాన్ని మడిచి జేబులో పెట్టే విద్య ఎవరికీ రాలేదు. డీఎస్ఎల్ఆర్ కొనడమంటే అసలు ఆ గాజును తగిలించుకునే హక్కు కొనుక్కోవడం. ఆ హక్కును వాడనివాళ్ళకు ఆ బరువు దండగ. ఎంతో ముచ్చటపడి డీఎస్ఎల్ఆర్ కొని, కిట్ లెన్సు తప్ప ఇంకోటి తగిలించకుండా, రెండేళ్ళకు బీరువా పై అరలో పెట్టేసిన ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో. వాళ్ళకు కావాల్సింది ఆర్ఎక్స్100 లాగా అంగుళం సెన్సార్ ఉన్న కాంపాక్ట్. దాంతో తిరుమల మెట్లెక్కుతూ తియ్యొచ్చు, బస్సులో తియ్యొచ్చు, బడిలో పిల్లల నాటకం తియ్యొచ్చు.

పక్షులు, ఆటలు, రాత్రి వేడుకలు, కూచిపూడి ప్రదర్శనల వంటివాటి మీద నిజంగా మనసున్నవాళ్ళు మాత్రం వెనకాడొద్దు. కొత్తది అవసరం లేదు. మిర్రర్‌లెస్ వైపు మళ్ళినవాళ్ళు అమ్మేసే డీఎస్ఎల్ఆర్‌లు ఇప్పుడు అందుబాటు ధరలో దొరుకుతాయి. కొనే ముందు షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో అడగండి. మధ్యతరగతి మోడళ్ళకు లక్ష, లక్షన్నర దాకా కంపెనీలే భరోసా ఇస్తాయి. ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీసి, సెన్సార్ మీద దుమ్ము చుక్కలున్నాయేమో చూడండి. లెన్సు వెనక నుంచి టార్చి వేసి, గాజు మీద సాలెగూడు లాంటి నూగు కనిపిస్తే ఎంత చవకైనా తీసుకోవద్దు. అది ఫంగస్. ఉన్న డబ్బులో సగానికి పైగా లెన్సుకు కేటాయించండి. బాడీలు మారిపోతుంటాయి గాని నికాన్ 1959లో పెట్టిన ఎఫ్ మౌంట్ 2020లో వచ్చిన డీ6 దాకా నడిచింది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో ఉండేవాళ్ళు లెన్సును తోలు సంచిలో దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, అప్పుడప్పుడూ బయటికి తీసి వాడుతూ ఉండండి.